గుండ్రటి చక్రాల బోర్డు

శనివారం, మధ్యాహ్నం

అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. కారు కూడా బాగుంది. నువ్వు పంపిన బోర్డు మాత్రం బాగాలేదు. వదినా పిల్లలూ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానా అనుకుంటున్నావేమో. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నేను ఒక మాట అనేలోపు నాలుగంటావు, ఆ తరవాత గొంతు బొంగురు చేసుకుంటావు, నేను కరిగిపోయి సరేలే అనేస్తాను. కాగితం మీదైతే అడ్డం పడలేవు. కాబట్టి కూర్చుని చివరిదాకా చదువు.

పార్సిలు వచ్చిన రోజు ఎంత సంబరపడ్డానో అమ్మనడుగు. నా డ్రైవింగ్ స్కూలుకు మొదటి బోర్డు, అదీ మా అన్నయ్య ప్రింటింగ్ షాపులో తయారైంది. అమ్మ ఇంకా ఇంట్లో ఉండగానే, పక్క షెడ్డు మెకానిక్ బాబాయ్‌ని బతిమాలి స్కూలు గుమ్మం పైనున్న ఫ్రేముకు కట్టించాను. ఆయన నిచ్చెన దిగి, రోడ్డు మీదికి వెళ్ళి, తలెత్తి చూసి కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఈ కారుకు సరిపడే టైర్లు తన దగ్గర దొరకవమ్మా అన్నాడు.

అప్పుడు చూశాను. చక్రాలు నిలబెట్టిన కోడిగుడ్లలా ఉన్నాయి. కారు పైకి సాగిపోయి బస్సుకు తమ్ముడిలా ఉంది. దాని పక్కన నా బట్టలు వేసుకుని ఒక పొడుగాటి మనిషి నిలబడింది. మొహం సొరకాయంత. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నీకే తెలియాలి. డ్రైవింగ్ నేర్పే చోట ఇలాంటి కారు బొమ్మ పెడితే జనం నేర్చుకోవడానికొస్తారా, నవ్వుకోవడానికొస్తారా?

చేతకాక చేశావంటే ఊరుకునేదాన్ని. నీ షాపులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఈ పని నాకు నేర్పింది నువ్వే. బొమ్మ పెద్దది చెయ్యాలంటే మూల పట్టుకుని లాగాలి, పక్క పట్టుకుని లాగకూడదన్నావు. వెడల్పు గడికీ ఎత్తు గడికీ మధ్యనుండే చిన్న గొలుసు గుర్తు చూపించావు. అది వేసి ఉంచితే ఒకటి పెరిగినప్పుడు రెండోదీ దానంతటదే తగినంత పెరుగుతుంది, మనిషి మనిషిలాగే ఉంటాడన్నావు. ఒకసారి ఎవరిదో ఫొటో నేను అడ్డంగా సాగదీస్తే అందరి ముందూ చీవాట్లు పెట్టావు. అలాంటివాడివి, నా ఫొటో దగ్గరికి వచ్చేసరికి గొలుసు తీసేశావు.

ఇదేంటని ఫోన్ చేస్తే నువ్వు చెప్పిన కారణాలు మర్చిపోలేదు. ఫ్రేము నిలువు, ఫొటో అడ్డం, ఉన్నదున్నట్టు పెడితే పైనా కిందా ఖాళీ మిగిలి బోసిపోతుందన్నావు. ఆ ఖాళీలో పైన స్కూలు పేరు, కింద ఫోన్ నంబరు వేస్తే సరి. నీకు తెలియక కాదు. అసలు సంగతి తరవాత బయటపెట్టావు. బోర్డు మీదైనా నేను పొడుగ్గా కనిపిస్తే అమ్మ చూసి మురిసిపోతుందన్నావు. అది విన్నప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఏ ఆఫీసులో కౌంటరు ముందు నిలబడినా నా కళ్ళు మాత్రమే పైకి కనిపిస్తాయి. ఇది నాకు కొత్త సంగతి కాదు. లైసెన్సు పరీక్షకు వెళితే అక్కడి ఆఫీసరు, పెద్దవాళ్ళెవరైనా తోడొచ్చారా పాపా అనడిగాడు. అంతకుముందు నేర్చుకుంటానని వెళ్ళిన చోట దిండు తెచ్చుకోమని నవ్వారు. ఆ కోపంతోనే ఈ స్కూలు పెడుతున్నాను. కాళ్ళు అందవనీ, చేతులు వణుకుతాయనీ, వయసైపోయిందనీ ఎవరెవరిని వెనక్కి పంపేశారో వాళ్ళంతా నా దగ్గరికి రావాలి. బోర్డు మీద నన్ను చూసి, ఈమే నడుపుతుంటే మనకేం తక్కువ అనుకోవాలి. నా దగ్గరున్న పెట్టుబడి అదొక్కటే. దాన్ని నువ్వు సాగదీసి లేకుండా చేశావు.

బోర్డు కట్టిన పూటే ఒక పెద్దావిడ వచ్చింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూసింది. నేను పక్కనే ఉన్నాను. ఆ అమ్మాయి ఎవరని నన్నే అడిగింది. నేనేనన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, మళ్ళీ బోర్డు చూసి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు అడిగింది. నాకు తల తీసేసినట్టయింది. పొట్టిగా పుట్టినందుకు ఎప్పుడూ అలా అనిపించలేదు.

నిన్న ఫోన్లో ఇంకో ఉపాయం చెప్పావు. కారునలాగే ఉంచి, నన్నొక్కదాన్నీ కత్తిరించి సాగదీసి పక్కన అతికిస్తానన్నావు. చక్రాలు గుండ్రంగా ఉంటాయి, ఎవడూ కనిపెట్టలేడన్నావు. మరి ఆ పొడుగు మనిషి నా కారులో ఎలా కూర్చుంటుంది? నేర్పేవాళ్ళ వైపు సీటు నాకోసం ఎత్తు చేయించినది. ఆ వైపు బ్రేకూ క్లచ్చూ మెకానిక్ బాబాయ్ నా కాళ్ళు కొలిచి పొడిగించినవి. ఆవిడ ఎక్కితే మోకాళ్ళు ఇరుక్కుంటాయి, తల టాపుకు కొట్టుకుంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడ్డప్పుడు ఆ బ్రేకు తొక్కి బండి ఆపేది నేను. వాళ్ళ ప్రాణం నా కాలి కింద ఉంటుంది. అది ఎవరి కాలో వాళ్ళకు ముందే తెలియాలి.

చిన్నప్పుడు స్టూడియోకు వెళ్ళిన ప్రతిసారీ నన్ను స్టూలెక్కించేవాళ్ళు. నువ్వు ముందు నిలబడి స్టూలు కనబడకుండా దాచేవాడివి. పాపం, ఎంత శ్రద్ధగా దాచేవాడివో ఆ ఫొటోల్లో నీ మొహం చూస్తే తెలుస్తుంది. నువ్వంటే నాకు ప్రాణం, అందులో తేడా లేదు. కానీ స్టూలు కావాలని నేనెప్పుడూ అడగలేదన్నయ్యా. నన్నెవరూ అడగనూ లేదు.

నీ బోర్డు దింపేశాను. కొత్తది ఈ ఊళ్ళోనే వేయించాను. నీ దగ్గర కాకుండా వేరే షాపులో వేయించానని ఉడుక్కుంటావు. ఉడుక్కో. ఆ షాపాయన కూడా ఫ్రేము నిండా లాగమంటారా అనడిగాడు. మౌసు నేనే తీసుకుని, గొలుసు వేసి, మూల పట్టుకుని పెద్దది చేశాను. కారు కారులా ఉంది. నా తల దాని కిటికీ దగ్గరే ఆగింది. ఈ పొద్దున్నే కట్టించాను, ఇక దింపేది లేదు.

వచ్చే శుక్రవారం స్కూలు తెరుస్తున్నాను. వదిననూ పిల్లలనూ తీసుకుని రా. బోర్డు కింద ఇద్దరం ఫొటో దిగుదాం. నాకోసం వంగకు, మోకాళ్ళు మడవకు, నిటారుగా నిలబడు. నా తల నీ మోచేతి దగ్గరికి వస్తుంది. రానీ.

ఉన్నంతలోనే గట్టిగా నిలబడే,
నీ బుడంకాయ

తా.క.: ఇది రాయకూడదనుకున్నాను. కవరు అంటించబోయి ఆగాను. రాయకపోతే అమ్మ కోసమంటూ నువ్వు మళ్ళీ ఏదో ఒకటి సాగదీస్తావు. ఆ రోజు బోర్డు కింద నిలబడి అడిగిన పెద్దావిడ అమ్మే. చూపు బాగానే ఉంది, కళ్ళజోడు మొన్ననే మార్పించాను. అమ్మ అన్న మాటలు ఇవీ: "ఎవరే ఈ పొడుగు పిల్ల, మన కారు పక్కన నిలబడింది? మీ అన్నయ్య నీ ఫొటో వెయ్యలేదా?"