కర్రలో అతుకు

నవంబర్ 10, ఆదివారం

కోడలు జానెల్ భోజనానికి వచ్చింది. చికెన్ పాట్‌పై. మా ఆవిడ వెర్నా నాకు రెండుసార్లు వడ్డించిందట. తిన్నట్టే ఉన్నాను, ప్లేటు ఖాళీ అయింది.

తిన్నాక జానెల్ పికప్ దగ్గరికెళ్ళి, దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట తెచ్చి సోఫా మీద పెట్టింది. మా అబ్బాయి డెరిక్ చెక్కుతూ వదిలేసిన తుపాకీ కర్ర. గరాజ్‌లో వాటర్ హీటర్ వెనక దొరికిందట. గొట్టం అమర్చే ఉంది. వాడిలాగే తనూ నన్ను నాన్నా అన్నట్టు పాప్ అంటుంది. పాప్, ఇది మీరే పూర్తి చెయ్యాలి, క్రిస్మస్ మర్నాడు చెకుముకి తుపాకీతో జింకల వేట సీజన్ మొదలవుతుంది కదా, డెరిక్ కూర్చునే చోటే కూర్చుని నేను కాలుస్తాను అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది.

సరే అన్నాను.

జనవరిలోనే అది కాలి బూడిదైపోయిందనుకున్నాను.

నవంబర్ 11

ఎవరితోనూ అనలేదు కనక ఇక్కడ రాస్తాను.

నలభై ఏళ్ళుగా పొడుగు తుపాకులు చేస్తున్నాను. మేపుల్ పలక, ఉలి, ఆకురాయి. మా కౌంటీలో ఇప్పటికీ ఇలా చేసేవాళ్ళం ముగ్గురమో నలుగురమో. డెరిక్ తొమ్మిదేళ్ళు నా పక్క బల్ల దగ్గర పనిచేశాడు. మొదటినుంచి చివరిదాకా ఒక్కణ్ణే చేస్తానని మొదలుపెట్టిన మొదటి తుపాకీ అది. నువ్వు వేలు పెట్టొద్దు అన్నాడు. పెట్టలేదు.

మందు కూరే కడ్డీ దూరడానికి కర్ర లోపల పొడుగునా బెజ్జం వెయ్యాలి. నాలుగడుగుల డ్రిల్ బిట్. చివరి అడుగు కంటికి కనపడదు, చేతికే తెలియాలి. కాస్త తిప్పడం, బయటికి లాగి పొట్టు దులపడం, మళ్ళీ తిప్పడం. వాడు దులపలేదు. తొందర. బిట్ దారి తప్పి, ట్రిగ్గర్‌కి కొంచెం ముందు కర్ర కడుపు చీల్చుకుని బయటికొచ్చింది.

పొయ్యిలో పెట్టు అన్నాను. నీ చేతులకి ఈ పని రాదు, తొమ్మిదేళ్ళూ దండగ అన్నాను. ఈ మాటలే. ఒక్కటి తక్కువ కాదు.

వాడు ముందు నవ్వాడు, ఎగతాళి అనుకుని. తరవాత కర్ర చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా హైవే పక్క గోడౌన్‌లో చేరాడు. మార్చి పదమూడున పొద్దున్నే షిఫ్టుకి వెళ్తుంటే మంచులో వాడి ట్రక్కు అడ్డం తిరిగింది. వాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

జీతం బాగుందని వెళ్ళాడని జానెల్ అనుకుంటోంది. వెర్నాకి తెలుసు, వంటింట్లోంచి వింది. జానెల్‌కి తెలిస్తే ఆదివారాలు ఆగిపోతాయి. మాకు మిగిలింది ఆ పిల్లే.

నవంబర్ 14

బల్ల మీద పెట్టాను. చూశాను. కప్పేశాను.

నవంబర్ 19

బెజ్జం బయటపడ్డ చోటు లేదు.

కర్రని వైస్‌లో బోర్లా బిగించి గంటసేపు వెతికాను. వాడు ఆ గరాజ్‌లో కూర్చుని అతుకు వేశాడు. అదే పలకలో మిగిలిన ముక్క అయ్యుండాలి, చారకి చార కలిసిపోయింది. వేలితో తడిమాను. గోటితో గీశాను. లైటు పక్కనుంచి కొట్టి చూశాను. భూతద్దం పెట్టాను. దొరకలేదు.

నాకు దొరకని అతుకు నేనింతవరకూ చూడలేదు. గర్వపడాలి. కాసేపు ఎదురుచూశాను. రాలేదు. ఎనిమిది నెలలుగా ఇంతే. ఏదీ రాదు.

నవంబర్ 23

నా పాత నేస్తం ఎల్వుడ్ తాళం తెచ్చాడు. తాళం అంటే ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కుని గీరి నిప్పు రాల్చే యంత్రం. పెన్సిల్వేనియాలో వాడంత బాగా చేసేవాడు లేడని వాడే చెప్తాడు. ఏరా లమార్, తుప్పు పట్టింది నీ ఉలికా నీకా అన్నాడు. నేను నవ్వాల్సిన చోటు. నవ్వాను.

అతుకు ఎక్కడుందో చెప్పమన్నాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు కర్రకి ఆనించి అరగంట చూశాడు. కాఫీ చల్లారిపోయింది. ముసలోణ్ణి ఆటపట్టిస్తున్నావు, దీన్లో అతుకూ లేదు గితుకూ లేదు అన్నాడు. ఉందంటే, ఆసిడ్ పెట్టు, దాని బండారం అదే బయటపెడుతుంది అన్నాడు.

నిజమే. ఆసిడ్ రాసి వేడి చూపిస్తే మేపుల్ ఎర్రబారుతుంది. జిగురు రంగు తాగదు. గీత పాలిపోయి కనపడుతుంది.

నవంబర్ 30

తాళం కూర్చోబెట్టాను. తాళానికి మసి పూయడం, కర్రకి నొక్కడం, నల్లగా అంటిన చోట చెక్కడం. నూటికి పైగా సార్లు. చేతులు వాటంతటవే చేస్తున్నాయి.

వెర్నా గుమ్మంలో నిలబడి, ఆ పిల్లకి చెప్పవయ్యా అంది. నేను చెప్పను, అది నీ నోట రావాల్సిన మాట అంది. ఆ కర్ర ముక్కని నిమిరినదాంట్లో పదో వంతైనా మనిషితో మాట్లాడకూడదా అంది. నాకు పని ఉందన్నాను. నీకెప్పుడూ పనే అంది.

డిసెంబర్ 8, ఆదివారం

జానెల్ చెయ్యి కొలిచాను, మోచేతి మడతనుంచి వేలిదాకా. కర్ర అర అంగుళం ఎక్కువుంది. గౌను కుట్టిస్తున్నట్టుంది పాప్, లేసు కూడా పెట్టండి అంది. వెర్నా నవ్వింది. ఇంట్లో ఆ చప్పుడు ఎన్నాళ్ళకో.

చెబుదామని నోరు తెరిచాను. ఊరగాయ సీసా ఇటివ్వమన్నాను.

డిసెంబర్ 15

ఆసిడ్ పెట్టాను. కర్ర ముందు పచ్చగా తిరిగింది. హీట్ గన్ పట్టుకుని కిందనుంచి పైకి పోతుంటే వెనకాలే ఎర్రబడుతూ వచ్చింది. చారలు లేచాయి. ట్రిగ్గర్ ముందు ఆగాను.

కనపడింది. వెంట్రుకంత గీత, బొటనవేలంత మేర. నేనైతే అతుకు ముక్కని వజ్రం ఆకారంలో కోసేవాణ్ణి, అందరం అలాగే కోస్తాం. వాడు తిన్నటి అంచు ఎక్కడా ఉంచలేదు. చార ఎటు వంగితే అటు వంగి, ఎక్కడ సన్నబడితే అక్కడ సన్నబడి కోశాడు. అలాంటిది కొయ్యడం నాకు రాదు.

ఎంతసేపు నిలబడ్డానో. హీట్ గన్ ఆపలేదట, వెర్నా వచ్చి ప్లగ్ పీకింది.

ముదురు మైనం రుద్దితే గీత మాయమవుతుంది. డబ్బా మూత తీశాను. పెట్టేశాను.

డిసెంబర్ 18

పరీక్షకి తుపాకీని పాత టైరుకి కట్టి, రెట్టింపు మందు కూరి, దూరంనుంచి తాడు లాగాను. గొట్టం చెక్కుచెదరలేదు.

డిసెంబర్ 21

గొట్టం మీద పేరు చెక్కాను. చేసినవాడి పేరే ఉండాలి. డి. రీబర్.

డిసెంబర్ 25

చెప్పేశాను.

భోజనాలయ్యాక. వెర్నా కడుగుతోంది, జానెల్ ప్లేట్లు తుడుస్తోంది. తుపాకీ బల్ల మీద బోర్లా పెట్టి అతుకు చూపించాను. ఇది నేను పొయ్యిలో పెట్టమన్న కర్ర అన్నాను. చేతులకి పని రాదన్నాను, తొమ్మిదేళ్ళు దండగన్నాను, గోడౌన్‌కి వాణ్ణి పంపింది జీతం కాదు, నేను. గుక్క తిప్పుకోకుండా అన్నాను. నా గొంతు ఎవరిదో రేడియోలో వస్తున్నట్టుంది.

జానెల్ ప్లేటు తుడవడం ఆపలేదు. తెలుసు పాప్ అంది. ఆ సాయంత్రమే చెప్పాడు. వారం రోజులు మీ పేరెత్తితే తలుపులు దడదడా వేసేవాడు. నేనూ తిట్టాను మిమ్మల్ని, చాలా తిట్టాను. మీరే చెప్తారేమోనని చూస్తున్నాను ఇన్నాళ్ళూ అంది.

అంతా తెలిసే ఇన్ని ఆదివారాలూ వచ్చింది.

తరవాత ఇంకోటి చెప్పింది. ఫిబ్రవరిలో అతుకు అయ్యాక డెరిక్ ఆమెతో పందెం కాశాడట. కర్ర తీసుకెళ్ళి ముసలాడి ముందు పెడతా, అతుకు కనిపెడితే గోడౌన్‌లోనే పడుంటా, కనిపెట్టలేకపోతే సోమవారం పొద్దున్నే నా బల్ల దగ్గరుంటా అన్నాడట. ఏప్రిల్‌లో నా పుట్టినరోజుకి తెద్దామనుకున్నాడు. మీకు దొరికిందా పాప్ అని అడిగింది.

ఆసిడ్ పెట్టేదాకా దొరకలేదన్నాను.

వెర్నా కుళాయి కట్టేసింది. జానెల్ తుపాకీ దుప్పటిలో చుట్టుకుంది. ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు అంది.

డిసెంబర్ 26

ఎనిమిదింపావుకి కొండ మీదనుంచి ఒక్క చప్పుడు.

డిసెంబర్ 30, సోమవారం

వాడి బల్ల మీద నా సామాన్లు తీసేశాను. దుమ్ము తుడిచాను. స్టవ్ ముందుగా వెలిగించాను, ఆ మూల త్వరగా వేడెక్కదు.

గెలిచాడు కదా.