మే నెలలో వెల్వెట్ కోటు

నరసరావుపేట,
మంగళవారం.

అక్కా ఫిలోమినా,

నీ మీద ప్రేమ లేక కాదు గానీ, ఈ ఉత్తరం వందనాలతో మొదలుపెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఇప్పుడు నా నంబరే బ్లాక్ చేశావు. అందుకని కాగితం మీద రాసి, మా బట్టల షాపులో పనిచేసే ఇష్రత్ అక్క చేతికి ఇస్తున్నాను. ఆమె రోజూ మీ పిడుగురాళ్ల నుంచే బస్సులో వచ్చి పోతుంది. కాగితాన్ని బ్లాక్ చెయ్యలేవు. చింపాలనుకుంటే చదివాక చింపు.

నా ప్రధానం రోజు నేను నీ మీద అరిచానని అమ్మ ఫోన్లో ఇంకా తిడుతోంది. "మొగపెళ్ళోళ్ళ ముందర సొంత అక్కని అట్టా అంటావా, అది నోరేనంటే?" అంటోంది. నోరే. అరిచినందుకు నాకు బాధ లేదు. అసలు ఆ రోజు నుంచి నాకు ఏదీ తెలియడం లేదక్కా. అన్నం తింటున్నాను, షాపుకి పోతున్నాను, పిల్లల గౌన్లు మడత పెడుతున్నాను. ఉంగరం వేలికి ఉంది, ఉన్నట్టే లేదు. కోపం మాత్రం ఉంది. అది కూడా మొద్దుబారి లోపల ఒక మూల కూర్చుంది.

మన రెంటచింతలలో మే నెల ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పాలా? పుట్టి పెరిగిన ఊరు. ఆ రోజు షామియానా కింద పెద్దవాళ్ళే అట్టముక్కలతో విసురుకుంటూ నీళ్ళ డ్రమ్ము చుట్టూ మూగారు. అప్పుడు నువ్వు హర్షని తీసుకుని ఆటో దిగావు. మెరూన్ రంగు వెల్వెట్ కోటు. లోపల మెడ దాకా బొత్తాలు పెట్టిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ప్యాంటు, సాక్సులు, బూట్లు, చేతులకి తెల్ల గ్లవ్స్. వాడికి ఐదేళ్ళు. కిరాణా కొట్టు బాలసరస్వతి అత్త చూసి, "ఏందమ్మే, పిల్లోణ్ణి ఇట్నుంచి ఇటే ఊటీ తీసకపోతన్నావా?" అంది. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. నాకు ఆ నవ్వు గుర్తుంది.

ఇలాంటి తల్లిదండ్రుల్ని నేను రోజూ చూస్తాను. అదే నా ఉద్యోగం. మొన్న ఒకాయన మూడేళ్ళ పిల్లవాడికి షేర్వాణీ తొడిగి, వాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే, "ఏడవనీలే, ఫొటోలో ఏడుపు పడదుగా" అన్నాడు. ఇంకొకామె కూతురికి చెమ్కీల గౌను వేసింది. ఆ పిల్ల మెడంతా ఎర్రగా గీరుకుంటుంటే చేతి మీద ఒక్కటిచ్చి, "గోక్కోమాక, వీడియో తీస్తన్నా" అంది. నేను నోరు మూసుకుని బిల్లు కౌంటర్‌కి పంపిస్తాను. మా ఇంట్లో మాత్రం ఇలాంటి వాళ్ళు లేరులే అనుకునేదాన్ని.

ఫాదర్ గారు ఉంగరాల మీద ప్రార్థన చేస్తుండగా హర్ష కక్కుకుని పడిపోయాడు. ముఖం కందిపోయింది, ఒంటి మీద చెమట కూడా లేదు. నేను పరిగెత్తుకొచ్చి పై బొత్తం పట్టుకున్నాను. నువ్వు నా చేతి మీద కొట్టావు. "ముట్టుకోమాక" అన్నావు. వాణ్ణి లాక్కుని సామాను గదిలోకి పోయి గడియ పెట్టావు. బయట నిలబడి తలుపు బాదుతూ అప్పుడు అరిచాను: "నువ్వు తల్లివేనా? నీకు ఫొటో కావాలా, పిల్లోడు కావాలా?" అని. నువ్వు తలుపు తీశాక చూస్తే వాడు తడి దుప్పట్లో ఉన్నాడు. దుప్పటి కింద ఆ కోటు అట్లాగే ఉంది! ఆ కోటుతోనే ఆనందరావు బావ వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ప్రధానం ఆగలేదు. నేను వేలు చాపాను, రవి కుమార్ ఉంగరం తొడిగాడు. చప్పట్లు కొట్టారు.

వాడు ఎట్లా ఉన్నాడో రాయి. నా పెళ్ళికి మాత్రం వాణ్ణి అట్లా తీసుకొచ్చే పనైతే నువ్వు రావద్దు. ఇది కోపంలో రాయడం లేదు.

నీ చెల్లెలు,
నిరోష.


పిడుగురాళ్ల,
గురువారం.

నిరోషా,

వాడు బాగున్నాడు. సెలైన్ ఎక్కించారు, సాయంత్రానికి లేచి బిస్కెట్ అడిగాడు. సెలవులు కదా అని అమ్మ దగ్గర దింపి వచ్చాను. ఇల్లు దాటించవద్దని చెప్పాను.

నువ్వు అడిగావు, ఫొటో కావాలా పిల్లోడు కావాలా అని. తలుపు ఇవతల నుంచి విన్నాను. నాకు నీ పెళ్ళి కావాలి. అదే జవాబు. మిగతాది కూడా రాస్తాను. రాశాక నువ్వు ఎవరికీ చెప్పకూడదు.

పోయిన వానాకాలంలో వాడి మోకాలి మీద తెల్లగా ఒక మచ్చ కనిపించింది. నేను సున్నం అనుకున్నాను. ఇక్కడ ఏది తెల్లగా ఉన్నా సున్నమే కదా. మీ బావ సున్నపు బట్టీ దగ్గర నుంచి వస్తే కనురెప్పలు కూడా తెల్లగానే ఉంటాయి, వచ్చీ రాగానే వాణ్ణి ఎత్తుకుంటాడు. అంటుకుందిలే అని తడిగుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు. సబ్బు పెట్టాను. కొబ్బరినూనె పెట్టి పీచుతో రుద్దాను. వాడు "అమ్మా, మండతంది" అని ఏడిస్తే, "సున్నంలో ఆడమాకని చెప్తే ఇన్నావా?" అని ఒకటి వేశాను కూడా. వారం తర్వాత మోచెయ్యి మీద వచ్చింది. తర్వాత మెడ మీద, వేళ్ళ మీద. అప్పుడు రుద్దడం మానేశాను.

మీ నరసరావుపేట డాక్టరుకే చూపించాం. బొల్లి అన్నాడు. ఒకరి నుంచి ఒకరికి అంటదు, ప్రాణానికి ఏమీ కాదు, మచ్చలు ఎండకి మండుతాయి కాబట్టి పల్చటి నూలు బట్టలు వెయ్యండి అన్నాడు. నీకు చెప్పేదాన్నే. అప్పుడే నీకు సంబంధం కుదిరింది. అమ్మ నా చేతులు పట్టుకుంది. "బొల్లి ఉన్న ఇంటి పిల్లని ఎవురు చేసుకుంటారే? దాని మెళ్ళో మంగళసూత్రం పడిందాకా కప్పిపెట్టు. ఆ తరవాత ఎవురేమన్నా అననీ" అంది. ఆ కోటు మీ షాపులోదే. నువ్వు సెలవు పెట్టిన రోజు చూసి అమ్మే వెళ్ళి కొన్నది. ఒళ్ళు ఎక్కడా కనపడనిది కావాలని అడిగి మరీ తెచ్చింది.

బాలసరస్వతి అత్త ఊటీ అన్నప్పుడు నేను నవ్వానని రాశావు. అవును, నవ్వాను. అందరూ కోటు చూసి నవ్వుతున్నారు, వాడి చేతుల వంక ఎవరూ చూడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంకొకటి. ఈమధ్య గ్లవ్స్ తీసేస్తే చాలు, వాడు చేతులు రెండూ చంకల్లో పెట్టుకుంటున్నాడు. నేను పెట్టుకోమని చెప్పలేదు. ఇక్కడున్నన్నాళ్ళూ అన్నం కూడా నేనే తినిపించాను.

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పేస్తానని బ్లాక్ చేశాను. పెళ్ళి అయ్యేదాకా ఓర్చుకో. తర్వాత నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, పడతాను.

మీ అక్క,
ఫిలోమినా.


రెంటచింతల,
సోమవారం పొద్దున.

అక్కా,

నీ ఉత్తరం షాపులో ట్రయల్ రూమ్‌లో నిలబడి చదివాను. చదివి బయటికొచ్చి ఒక పిల్లవాడికి బూట్లు తొడిగాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను, రాలేదు. ఎవరికీ చెప్పవద్దన్నావు. నేను చెప్పాను. నువ్వు నన్ను క్షమించకపోయినా ఇది నేనే రాయాలి.

శుక్రవారం రవి కుమార్ మోటార్ వైండింగ్ వైరు కొనడానికి పేట వచ్చాడు. బస్టాండ్ దగ్గర జ్యూస్ షాపులో కూర్చున్నాం. అంతా చెప్పాను. అతను చానా మంచివాడక్కా, అది అబద్ధం కాదు. మధ్యలో ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. "నాకేం పట్టింపు లేదు నిరోషా. రేప్పొద్దున మన పిల్లలకొచ్చినా నేనేమీ అనుకోను" అన్నాడు. ఆ మాటకి నాలో ఏదో కాస్త కదిలింది. అప్పుడు స్ట్రా తిప్పుతూ అన్నాడు: "ఒక్క పని చెయ్యి. మాయమ్మకి మాత్రం తెలీనీమాక. పెళ్ళి రోజు బాబుకి ఆ కోటే ఎయ్యమను. కాకపోతే ఈసారి కూలర్ పక్కన కూసోబెడదాం. నేనే దగ్గరుండి చూసుకుంటా."

కూలర్ పక్కన! నవ్వాలో అరవాలో కూడా తెలియలేదు. ఉంగరం తీసి గ్లాసు పక్కన పెట్టాను. "ఏమే, నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు. అతను తప్పు మాట్లాడలేదు. మన అమ్మ అన్నదే అన్నాడు, నువ్వు చేసిందే చెయ్యమన్నాడు. కానీ వాణ్ణి ఆ కోటులో కుక్కి, నేను పీటల మీద నవ్వుతూ కూర్చోలేను. అంతే చెప్పి లేచి వచ్చేశాను.

మాచర్ల నుంచి రవి కుమార్ వాళ్ళు అమ్మకి ఫోన్ చేశారు. నిన్న ఆదివారం నేను ఊరికి వచ్చేసరికి అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "బంగారం లాంటి పిల్లోణ్ణి పోగొట్టుకున్నావు గదే" అంది. హర్ష తలుపులు వేసిన గదిలో మంచం మీద ఉన్నాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ఫ్యాన్ వేడిగాలిని తిప్పుతోంది.

షాపులో పల్చటి నూలు చొక్కా కొని తెచ్చాను, పొట్టి చేతులది. మోకాళ్ళ దాకా నిక్కరు. ఎండ దిగాక తొడిగి చర్చిలో సాయంత్రం పూజకి బయల్దేరదీశాను. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆ గుడ్డలేసి నలుగుర్లోకి తీసకపోతావా పిల్లోణ్ణి? నీకు బుద్ధుందంటే?" అంది. నేను నిన్ను అడిగింది కూడా ఇదే కదా అనిపించింది. పక్క నుంచి దాటి వచ్చాం.

వాడు దారంతా చేతులు చంకల్లో పెట్టుకునే నడిచాడు. అంత వేడిలో చలి పుట్టిన వాడిలాగా. నా చెయ్యి పట్టుకోమంటే తల అడ్డంగా ఊపాడు. చర్చిలో మా ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి చూసి, జరిగి కూర్చున్నారు. ఫాదర్ గారు వాడి తల మీద చెయ్యి పెట్టి పోయారు. ఇంటికి వచ్చేటప్పుడు బాలసరస్వతి అత్త కొట్టు దగ్గర వాడు ఆగాడు. ఐస్ కావాలట. అత్త వాడి మెడ చూసింది, మోకాళ్ళు చూసింది. గొంతు తగ్గించి, "అయ్యో, ఇదా సంగతి? నిండుగా ఏమన్నా ఏసి తేగూడదంటే అమ్మాయ్?" అంది.

"నిండుగా ఏస్తే ఊటీ అన్నావు గదత్తా" అన్నాను.

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. డబ్బాలోంచి ఎర్ర పుల్ల ఐస్ తీసింది. వాడి చేతికి ఇవ్వలేదు. చాక్లెట్ల సీసా మూత మీద పెట్టింది. నేను తీసి ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. ఎందుకో నేనూ అట్లాగే నిలబడిపోయాను. ఐస్ కరుగుతోంది. ఎర్ర నీళ్ళు సీసా మీదుగా కారి బల్ల మీద పడుతున్నాయి. వాడు నా వంక చూశాడు, అత్త వంక చూశాడు, ఐస్ వంక చూశాడు. చంకలోంచి ఒక చెయ్యి బయటికి తీశాడు. మునివేళ్ళ మీద నిలబడి పుల్ల అందుకున్నాడు. కారిపోతుంటే రెండో చెయ్యి కూడా తీసి కింద పట్టాడు.

అత్త చూస్తూ ఉండి, చెంగుతో బల్ల తుడిచి, "రేపూ రా అబ్బాయ్" అంది. ఆ మాట ప్రేమతో అందో, సిగ్గుపడి అందో నాకు తెలియదు. ఈసారి చేతికే ఇస్తుందేమో చూడాలి.

కొంచెం దూరం పోయాక వాడే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. జిగటగా, చల్లగా ఉంది. ఇన్ని రోజుల్లో నా ఒంటికి తెలిసింది అదొక్కటే అక్కా. రోడ్డు మీదే ఏడ్చాను. "ఏంది పిన్నీ, నీకు ఐస్ కొనలేదనా?" అన్నాడు.

నాకు పెళ్ళి అవుతుందో లేదో ఇప్పుడు ఆలోచించడం లేదు. నా కోసం వాణ్ణి కప్పవద్దు. కోటు నా సంచిలో పెట్టుకున్నాను, నీకు తిరిగి ఇవ్వను. నా నంబరు బ్లాక్ తియ్యి. కుదిరితే ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కి రా. ఐస్ రంగు వాడి వేళ్ళ మీద తెల్లటి చోట్ల బాగా పట్టింది, ఎర్రగా. రాత్రి నుంచి చెయ్యి కడగనివ్వడం లేదు. వాళ్ళమ్మకి చూపించాలంట.

నీ
నిరోష.