బావి నీళ్ళు పైకొచ్చిన సంగతి

దిగువపల్లె,
నంద్యాల తాలూకా

మా తండ్రి తర్వాత తండ్రి అంతటి తిమ్మన్నకు, చెల్లెలు నరసమ్మ మొక్కి రాసుకునేది. ఈ పూటకు మేమిద్దరం లేచి తిరుగుతున్నాం, అన్నం సహిస్తోంది. అంతవరకు క్షేమమే. వదిన మోకాలు ఎట్లుంది? ఆముదంలో ఉప్పుమూట కాచి పెట్టమని చెప్పి పంపినాను, పెడుతోందా? నల్ల ఎద్దు గిట్టపుండు మానిందా? పోయిన కార్డులో ఎద్దు సంగతి రాయలేదు నువ్వు. నువ్వు రాయని సంగతే నాకు ఎక్కువ దిగులు.

నీ కార్డు మంగళవారం అందింది. ఆదోని షావుకారు మన అమ్మ చేనుకు బయానా పట్టుకొని మూడుసార్లు వచ్చినాడని, ఉగాదిలోగా తీసుకోమంటావా అని, మా పక్కనున్న నాలుగు ఎకరాలు నీకోసం నిలిపి పెట్టినానా అని అడిగినావు. జవాబు ముందు రాస్తాను, కారణం తర్వాత రాస్తాను. బయానా తీసుకోవద్దు. చేను అమ్మవద్దు. ఇక్కడికి రావద్దు.

రెండేళ్ళ కింద నేనే కదా రమ్మని రాసింది. ఆ ఉత్తరం వదిన పదిమందికి చదివి వినిపించిందని నువ్వే చెప్పినావు. కాలువ నీళ్ళు గడపదాకా వస్తాయని, వరి మనిషెత్తు నిలుస్తుందని, మా బావిలో నీళ్ళు తమంతట తామే పైకొస్తున్నాయని రాసినాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అది ఇప్పుడు నన్ను ఇంకా బాధపెడుతోంది.

నీకు గుర్తుందా, మన ఇంట్లో నీళ్ళు ఎట్లా వాడేవాళ్ళమో. ముఖం కడిగిన నీళ్ళు గిన్నెలో పట్టి కరివేపచెట్టుకు పోసేది. బియ్యం కడుగు దూడకు. పొద్దున ఎన్ని కడవలు తెచ్చినామో గోడమీద బొగ్గుతో గీసి, సాయంత్రం ఎన్ని మిగిలినాయో చూసి అమ్మ లెక్క చెప్పేది. ఒకసారి నేను చెంబు తన్ని ఒలకబోస్తే నా వీపు మీద ఆమె చెయ్యి అచ్చు పడింది. ఆ గీతల అలవాటే నాకు ఇప్పటికీ పోలేదు. ఇక్కడ గోడకు బదులు నోటుపుస్తకం పెట్టుకున్నాను. కాలువ ఏ రోజు వదిలినారు, మన మడిలో ఎన్నాళ్ళు నిలిచింది, బావిలో చేదతాడు ఎన్ని మూరలు దిగింది, అన్నీ రాసినాను. మీ బావ నవ్వేవాడు, నీళ్ళకు కూడా పద్దు రాస్తావా అని.

మేము వచ్చిన మొదటి వారమే మా మడి దిగువ మూల చూసినాను. గట్టులో ఒక మడవ తెరిచి ఉంది. మడిలో పెట్టిన నీళ్ళలో కొంత ఆ మడవ గుండా పొలాల అంచునున్న మురుగు కాలువలోకి, అక్కడినుంచి కుందూ ఏటిలోకి పోతూనే ఉన్నాయి. పగలంతా పోతున్నాయి. ఎవరూ పట్టించుకోరు. నేను ఆ గట్టు మీద కూర్చొని ఎన్ని కడవలు పోతున్నాయో లెక్కపెట్టినాను. అమ్మ బతికి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేది. మీ బావను పిలిచి దాన్ని మూయమన్నాను. ముందున్నవాళ్ళు ఏదో కారణం ఉండే పెట్టుకుని ఉంటారు, ఈ ఏడు చూద్దామన్నాడు. నేను వినలేదు. శుక్రవారం పూట ఇద్దరం రాళ్ళు పేర్చి, బంకమట్టి తొక్కి మూసినాం. గట్టు నిలవాలని దానికి పసుపు రాసి టెంకాయ కూడా కొట్టినాను.

ఆ రాళ్ళు పేర్చేటప్పుడే పక్క నాలుగు ఎకరాల ఆసామి మద్దిలేటప్ప వచ్చినాడు. అరవై దాటిన మనిషి, ఈ కాలువ కిందనే పుట్టి పెరిగినవాడు. అతని మడి మా మడికి దిగువన ఉంది.

"ఆ మడవ మూయొద్దమ్మా. పోయే నీళ్ళు పోనీ" అన్నాడు.

మా నీళ్ళు ఆ మురుగు కాలువలో పోతూ ఊరికే తన మడికి అందాలని అతని ఆశ అనుకున్నాను. "మా నీళ్ళు పోకుంటే నీకు నష్టం గదా మద్దిలేటప్పా, అందుకే చెప్తాండావు" అనేసినాను.

అతను కోపం చేసుకోలేదు. "సరే తల్లీ. దాచిపెట్టుకో. ఉట్టిమీద పెట్టుకో" అని తువ్వాలు దులుపుకొని పోయినాడు.

మన ఆలూరు వైపునుంచి, పత్తికొండ వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇళ్ళు ఇంకో మూడు ఉన్నాయి. నేను లెక్క తెలిసిన మనిషినని వాళ్ళకు గురి. వాళ్ళ మడవలు కూడా నేనే మూయించినాను. ఒక్క చుక్క బయటికి పోనివ్వని ఇళ్ళు నాలుగు అయినాయి. తూము తెరిచి ఉన్నన్ని రోజులూ నీళ్ళు పెట్టుకున్నాం. పైరుకు కావాలా వద్దా అని ఎవరం అడగలేదు. అన్నం ముందుకొస్తే ఆకలి ఉందా అని అడిగే బతుకు కాదు కదా మనది.

రెండు పంటలు బాగా పండినాయి. బావిలో చేదతాడు మొదట పన్నెండు మూరలు దిగేది. మొదటి ఏడు చివరికి తొమ్మిది. తర్వాత ఆరు. నీకు ఆ ఉత్తరం రాసిన నెలలో అయిదు. ఆ పేజీలో "దేవుని దయ" అని కూడా రాసుకున్నాను. నాలుగు మూరలకు వచ్చినాక ఇంత తాడు ఎందుకు దండగ అని మిగిలింది కోసి ఉట్టి అల్లుకున్నాను. ఇప్పుడు వంటింట్లో పెరుగుకుండ దానిమీదే వేలాడుతోంది.

మూడో పంటకు వరి దిగువ మూలలో మొలక దగ్గరే ఎర్రబడింది. పురుగేమో అనుకున్నాం. కోతలయినాక మడి ఆరితే ఆ మూల తెల్లగా, సున్నం చల్లినట్టు కనిపించింది. అదేమిటో నాకు మొదట చెప్పింది ఊరి చాకలి సుంకన్న. ఒక పొద్దున గంప చంకన పెట్టుకొని వాకిట్లో నిలబడినాడు.

"అమ్మా, మీ మడి మూలకు మంచి చౌడు పొంగింది. రెండు గంపలు ఎత్తుకుంటా. గుడ్డలు శానా తెల్లగా వస్తాయి" అన్నాడు.

ఎత్తుకోమన్నాను. అతను పోయినాక గడపమీద కూర్చుండిపోయినాను. అన్నం పండే మడినుంచి చౌడుమన్ను ఎత్తుకుపోవడానికి మనిషి వచ్చినాడంటే ఇంకా అర్థం కావడానికి ఏముంది. ఈ ఏడు అతను గంప తేవడం మానేసినాడు, గాడిదను తోలుకొని వస్తున్నాడు.

బావి నీళ్ళు కూడా మారినాయి. ఆ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. స్నానం చేస్తే ఒళ్ళు బిగుసుకుపోతుంది. కాలువ కట్టేసిన నెలల్లో కుందూ ఇసుకలో చెలమ తీసి, రెండు కడవలు నెత్తిన పెట్టుకొని వస్తున్నాను. మన ఊళ్ళో కూడా ఇంత దూరం నడవలేదు అన్నా. నీళ్ళ మధ్య ఇల్లు కట్టుకొని నీళ్ళకు పోతున్నాను.

కిందటి నెల ఒకరోజు మీ బావ పొలం నుంచి వచ్చి, పంచ దులుపుకోకుండానే పడుకున్నాడు. నేను పాత నోటుపుస్తకం ముందేసుకొని మొదటినుంచి చదివినాను. మడవ మూసిన శుక్రవారం ఒక పేజీలో ఉంది. ఆ తర్వాత ప్రతి పేజీలో తాడు పొట్టిదవుతూ వచ్చింది. తొమ్మిది, ఆరు, అయిదు, నాలుగు. పక్కన అన్నిచోట్లా సంతోషం. తప్పు చేసింది నా చెయ్యి, దానికి సాక్ష్యం రాసిపెట్టింది కూడా నా చెయ్యే.

పొద్దున్నే పుస్తకం పట్టుకొని మద్దిలేటప్ప ఇంటికి పోయినాను. అతనికి చదువు రాదు, నేనే చదివి వినిపించినాను. విని, చేతిలోని చుట్ట పక్కన పెట్టినాడు. తర్వాత అన్నాడు:

"నేలకింద ఉప్పు నిద్రపోతాంటాది తల్లీ. నీళ్ళు దిగి దాన్ని లేపుతాయి. పోయేదానికి దోవ ఇడిస్తే కడుక్కొని పోతాది. దోవ మూస్తే పైకొచ్చి కూర్చుంటాది. మీ మెట్టోళ్ళకు నీళ్ళు పెట్టేది తెలుసు. నీళ్ళు తీసేది తెల్దు."

నీ మడి ఎందుకు అమ్ముతున్నావని ఇంతవరకు అడగని దాన్ని, ఆ పొద్దున అడిగినాను. తల తిప్పుకొని, నీ మడిలో ఊరిన నీళ్ళు నా మడికి దిగినాయి కదమ్మా అన్నాడు. అతని పై గట్టు పొడుగునా నాలుగు బారల వెడల్పు తెల్లబడింది. నేను చూడనేలేదు. నేను నీకోసం నిలిపి పెట్టిన నాలుగు ఎకరాలు అవే. వాటిని చెడగొట్టింది నేను.

ఇంకొకటి కూడా రాయాలి, దాచితే అన్నం దిగదు. నీ కార్డు చదివినాక రెండు రోజులు నేను ఏమీ రాయకుండా ఊరకున్నాను. చౌడు సంగతి నీకు తెలియదు. పక్కన నువ్వు, వదిన ఉంటే నన్ను పలకరించే మనుషులు ఉంటారు. ఇక్కడ పండగపూట కూడా నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు లేరు, "మెట్టామె" అంటారు. వచ్చినాక తెలిస్తే తెలుస్తుందిలే, అప్పటికి ఇద్దరం ఒకచోట ఉంటాం కదా అని ఒక మూల మనసు అంది. మద్దిలేటప్ప దారిలో కనిపించి, మీ అన్నకు ఉప్పు సంగతి రాసినావా, రాయకుంటే నేను మడి అమ్మను అన్నాడు. తన ఇంట్లో పెళ్ళికి డబ్బు కావాల్సి ఉండి కూడా ఆ మాట అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మడవ తెరిచినాం. నాలుగేళ్ళ కింద తొక్కిన మట్టి రాయిలా బిగిసిపోయింది, గడ్డపారకు కూడా లొంగలేదు. మీ బావ చేతులు పొక్కులెక్కినాయి. మొదట వచ్చిన నీళ్ళు గంజిలో బెల్లం కలిపిన రంగులో వచ్చినాయి. మద్దిలేటప్ప వేలు ముంచి నాలుకకు రాసుకొని ఉమ్మేసినాడు. మడి నిండా నీళ్ళు పెట్టి, దించి, మళ్ళీ పెట్టి, దించుతూ ఉప్పు కడగాలంట. జీలుగ చల్లి అది మెత్తగా ఉన్నప్పుడే పచ్చి ఎరువుగా దున్నేయాలంట. మూడేండ్లో, అయిదేండ్లో అని చెప్పినాడు. అంతవరకు మీ బావ బేతంచెర్ల గనుల్లో నాపరాతి బండలకు బండి తోలుతున్నాడు. తక్కిన మూడు ఇళ్ళకు పోయి నా తప్పు చెప్పుకున్నాను. రెండు ఇళ్ళవాళ్ళు తెరిచినారు. మూడో ఇంటామె, అప్పుడు మూయమంటివి, ఇప్పుడు తెరవమంటాండావు, నీ పుస్తకం నీ దగ్గరే పెట్టుకో అని తలుపేసింది. ఆమె మాటలో తప్పు లేదు.

మన చేని పక్కనే తుంగభద్ర కాలువకు రాళ్ళు పాతినారని రాసినావు. ఆ నీళ్ళు వస్తాయి. వచ్చినప్పుడు సంతోషించు, నేను వద్దనను. కానీ తూము ఎక్కడ పెడతారని అడిగే ముందు, మురుగు ఎక్కడ పోతుందని అడుగు. ముందు దిగువ మూలకు నడిచి చూడు. అక్కడ మడవ తెరిచి, దానికి దోవ తవ్వినాకనే పైన నీళ్ళు పెట్టు. అందులో నీళ్ళు పోతుంటే నీకూ కడవలు లెక్కపెట్టబుద్ధి అవుతుంది. అటు చూడకుండా ఇంటికి వచ్చెయ్యి. వదినను మాత్రం ఆ గట్టుకు రానివ్వకు, మూసేస్తుంది.

ఈ ఉత్తరం చదివి ఊళ్ళో ఎవరైనా నవ్వితే నవ్వనీ. వదినతో మళ్ళీ పదిమందికి చదివించు. మొదటి ఉత్తరం విన్న వాళ్ళందరూ ఇది కూడా వినాలి.

చిన్న కోరిక ఒకటి ఉంది. మడవ తెరిచినప్పటినుంచి రోజూ బావిలో తాడు కొలుస్తున్నాను. నిన్న నాలుగు మూరల మీద ఒక జాన దిగింది. బావిలో నీళ్ళు కిందికి పోయినాయని పుట్టినప్పటినుంచి మొదటిసారి సంతోషపడినాను, అమ్మ వింటే ఏమనేదో. ఇంకా దిగితే ఈ కోసిన తాడు చాలదు. అమ్మ చేని గట్టున గోగు వేసినావు కదా, ఆ నార పేని పన్నెండు మూరల తాడు ఒకటి పంపు. ఇక్కడ తాళ్ళు దొరకవా అంటావు, దొరుకుతాయి. ఆ గట్టు నారతో పేనిన తాడు వస్తే చేను మన చేతిలోనే ఉందని నాకు తెలుస్తుంది. వేరే జవాబు రాయనక్కరలేదు.

పెద్దలందరికీ నా మొక్కులు చెప్పు, వదినకు నా దండాలు చెప్పు. మీ బావ నిన్ను అడిగినానని రాయమన్నాడు. మమ్మల్ని మంచి మనసుతో దీవించు.

నీ చెల్లెలు
నరసమ్మ