పైవరుసలో ఆరు పళ్లు

జూన్ 2

బీపీ డాక్టరు మాత్ర మార్చలేదు, నన్ను మారమన్నాడు. థాంక్స్ చెప్పుకోదగ్గ విషయం రోజుకొకటి పుస్తకంలో రాయాలట. వారానికోసారి నేను గట్టిగా నమ్మే మాట రాసి, అది నిజమని నాకెలా తెలుసో దాని కిందే రాయాలట. ఎవరికీ చూపించక్కర్లేదమ్మా అన్నాడు. చూపించడానికి ఎవరున్నారని అనబోయి ఊరుకున్నాను. బయట ఇంకా పదకొండు మంది కూర్చుని ఉన్నారు.

ఈరోజు మంచి విషయం: లేదు.

జూన్ 3

లేదు.

జూన్ 4, ఉదయం 6.40

పాలు విరగలేదు. థాంక్స్ ఎవరికి చెప్పాలి, ఫ్రిజ్‌కా?

జూన్ 7

నమ్మకం రాసే రోజు. వెతుక్కోనక్కర్లేదు, నాలిక చివరే ఉంది. అమ్మను పదకొండేళ్లు నేనొక్కదాన్నే చూసుకున్నాను. చెల్లికి ఏనాడూ పట్టలేదు.

ఎలా తెలుసు? కళ్లారా చూశాను కాబట్టి తెలుసు. నెలకోసారి చుట్టపుచూపుగా వచ్చేది, అమ్మ మంచం దగ్గర గంట కూర్చునేది, వెళ్లిపోయేది. అమ్మ పోయిన రోజు అందరి ముందూ ఆ మాటే అనేశాను. చుట్టంలా వచ్చావు, చుట్టంలాగే వెళ్లు అన్నాను. వెళ్లింది. తొమ్మిది నెలలైంది. మొదట్లో ఫోన్ చేసేది. నేను ఎత్తలేదు. తర్వాత తనూ మానేసింది.

డాక్టరు మార్కులు వేసేవాడైతే పదికి పది వేయాలి.

జూన్ 11, భోజనాల వేళ

మా ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేస్తాం. పళ్ల డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చులు డబ్బాల్లో పెట్టి పంపుతారు. ప్లాస్టర్ అన్నయ్య వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీస్తాడు. నేను మైనంలో పళ్లు నిలబెడతాను. డబ్బా మీద పేరుండదు, నంబరుంటుంది. ఇరవై రెండేళ్లలో కొన్ని వేల నోళ్లు చూశాను, ఒక్క మొహం చూడలేదు. ఈ ఉద్యోగంలో నాకు నచ్చిందే అది. నోరుంటుంది, మాట్లాడదు.

ఇవాళ ప్లాస్టర్ అన్నయ్య తన క్యారియర్‌లో సగం నాకు పెట్టాడు. వద్దంటే, నేనడగలేదు కదమ్మా, తిను అన్నాడు. మంచి విషయం కింద రాస్తున్నాను. కూర మాత్రం ఉప్పు కషాయం.

జూన్ 13

వాన పడింది. గొడుగుంది.

జూన్ 16

కేసు నంబరు 4417. పై దవడలో ముందు ఆరు పళ్లూ లేవు. చీటీలో రాసుంది: ఆడ, వయసు 41, మార్చిలో స్కూటర్ మీంచి పడింది.

కింది దవడ చేతిలోకి తీసుకున్నాను. ముందు పళ్లలో ఒకదాని మూల విరిగి ఉంది. ఆ విరుపు నాకు తెలుసు. విరగ్గొట్టింది నేనే. చెల్లికప్పుడు ఎనిమిదేళ్లు, నాకు పద్నాలుగు. ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి గెంతుతుంటే ఆపుదామని కాలు పట్టి లాగాను. అలా పన్ను విరిగిన మనుషులు ఊళ్లో ఇంకెందరో ఉంటారు కదా అనుకుని పై దవడ తీశాను. అంగిలి మీది మడతలు వేలిముద్రల్లాగే, ఒకరివి ఇంకొకరికి ఉండవు. పని నేర్చుకునే రోజుల్లో నేను తీసిన మొదటి అచ్చు దాని నోటిదే. ఓ పక్క వాంతి వస్తోందంటూనే ఇంకో పక్క నవ్వుతూ కూర్చుంది. ఆ అచ్చు నెలరోజులు నా బల్ల మీదే ఉండేది. ఇవాళ ఆ మడతలు వేలితో తడిమాను.

చెల్లే.

ఏమైందమ్మా అని ప్లాస్టర్ అన్నయ్య అడిగాడు. కంట్లో దుమ్ము పడిందన్నాను. మన ల్యాబ్‌లో పడని రోజేది అంటూ తన పనిలో పడిపోయాడు.

జూన్ 17, ఉదయం 5.30

ఫోన్ వెతికాను. నాకొచ్చే కాల్స్ ఎన్నని, మార్చివి కూడా కాస్త కిందే ఉన్నాయి. మార్చి తొమ్మిది. చెల్లి, మూడుసార్లు. ఆరోజు బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ మోగుతుంటే దాన్ని చూస్తూనే ఆరేశాను.

నోట్లో ఆరు పళ్లు లేకుండా నాతో ఏం చెప్పాలనుకుందో.

జూన్ 19

ఓనరు 4417ని పక్క బల్లకి ఇవ్వబోతే నాకు కావాలన్నాను. నేను ఏదైనా కావాలని అడగడం ఆయన ఎరగడు. మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

పద్ధతి ప్రకారం డాక్టరు దగ్గర్నుంచి పేషెంట్ ఫొటో తెప్పించుకోవాలి. నా చెల్లికి నాకు ఫొటో ఎందుకు? దాని ఎడమ కోరపన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంటుంది. నవ్వితే ముందు అదే కనిపిస్తుంది. అలాగే పెట్టాను. మైనం నాలుగుసార్లు కరిగించి, వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాను. ఇంత మనసుపెట్టి ఏ పనీ చేసి ఎరగను.

అద్దంలో చూసుకోగానే ఎవరు చేశారో దానికి తెలిసిపోవాలి. ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లడం లేదు. నాకున్నది అదొక్కతే. పోగొట్టుకున్నానేమోనని భయంగా ఉంది.

జూన్ 20

పంపాను.

జూన్ 22

ఫోన్‌ని రోజంతా చార్జింగ్‌లోనే ఉంచాను. చార్జింగ్ ఎక్కువై పేలుతుందేమో గానీ మోగదు.

జూన్ 24, సాయంత్రం 5

4417 తిరిగొచ్చింది.

క్లినిక్ డాక్టరమ్మ ఫోన్ చేసి నన్నే పిలవమంది. కోపం లేదు, విసుగుంది. ఆ కోరపన్ను అలా ఎక్కించారేంటండీ, ఆవిడ పళ్లు చక్కగా తిన్నగా ఉండేవి, అడిగుంటే ఫొటో పంపేదాన్ని కదా అంది. లేదండీ, చిన్నప్పట్నుంచీ వంకరే అనబోయి నాలిక్కరుచుకున్నాను. ఆవిడ ఆరేళ్ల కిందట క్లిప్పులు వేయించుకుందట. ఏడాదిన్నర నోటినిండా తీగలేనట.

ఏడాదిన్నర. నెలకోసారి వచ్చేదని ఈ పుస్తకంలో నేనే రాశాను. అంటే పద్దెనిమిదిసార్లు ఆ తీగలతో నా ఎదురుగా నిలబడి మాట్లాడింది. పళ్ల మీద బతికే మనిషిని, ఒక్కసారీ దాని నోరు చూడలేదు. ఆ తర్వాత తిన్నటి పళ్లతో ఇన్నేళ్లు వచ్చింది. అదీ చూడలేదు.

మరేం చూశాను? తలుపు తీసి గడియారం చూసేదాన్ని. నువ్వొచ్చావంటే అమ్మ హడావిడి పడిపోతుంది, మళ్లీ దారిలో పెట్టేసరికి నాకు తల ప్రాణం తోకకొస్తుంది అనేదాన్ని. ఈ రాత్రికి నేనుంటా, నువ్వు పడుకో అక్కా అంటే పక్క లేదనేదాన్ని. పక్క ఉంది. మందులిస్తానంటే నీకు తెలీదులే అని సీసా లాక్కునేదాన్ని. గంటకే వెళ్లిపోయేది మరి. నేనైనా వెళ్లిపోతాను.

ఎంత ఓపిక తల్లీ నీకు అని అందరూ అనేవాళ్లు. ఆ పదకొండేళ్లలో నాకు దొరికింది ఆ మాటొక్కటే. చెల్లితో పంచుకోబుద్ధి కాలేదు. దాన్ని దూరం పెట్టి, అది దూరమైందని ఏడ్చాను.

రాశాను. ఇంక చెయ్యి నొప్పిగా ఉంది.

జూన్ 25

డాక్టరమ్మ చెప్పింది ఇంకోటి ఉంది, నిన్న రాయలేకపోయాను. అద్దమిస్తే పేషెంట్ చాలాసేపు చూసుకుందట. ఇది చేసినావిడ ఎలా ఉంటారు, బావున్నారా అని అడిగిందట. ల్యాబ్ వాళ్లని మేమూ చూడమండీ అని ఈవిడ అందట. అయితే రంగు చూడ్డానికి ఆవిణ్ణే రమ్మనండి, చూడకుండా చేస్తే ఇలాగే వస్తాయి అందట.

పంటి రంగు కుదరకపోతే అప్పుడప్పుడూ మమ్మల్ని క్లినిక్‌కి పిలుస్తారు. నేనెప్పుడూ వెళ్లలేదు. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు.

జూన్ 27

ప్లాస్టర్ అన్నయ్యకి మొత్తం చెప్పేశాను. నా గురించి ఒక మనిషికి ఇంతసేపు చెప్పడం ఈ మధ్య ఇదే. మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అంతా అయ్యాక, అచ్చు సరిగ్గా రాకపోతే మళ్లీ తీస్తాం గానీ పాతదాన్ని పట్టుకుని కూర్చుంటామా, వెళ్లిరామ్మా అన్నాడు. నాకు ధైర్యం చెప్పడానికేమో, డాక్టరమ్మకి తనే ఫోన్ చేసి మంగళవారం పదింటికి వస్తుందని చెప్పేశాడు. అడక్కుండా చేయడం ఈయనకి అలవాటే.

జూన్ 28

అమ్మ కాలిగోళ్లు. పదకొండేళ్లలో నేను ఒక్కసారీ తీయలేదు. నాకిప్పుడు తోచింది. అయినా గోరు పెరిగి గుచ్చుకుందని అమ్మ ఒక్కసారీ బాధపడలేదు. వచ్చినప్పుడల్లా ఆ గంటలో చెల్లి అటు తిరిగి మంచం చివర కూర్చుని ఏం చేసేదో నేను వెళ్లి చూడలేదు. నూట ముప్పైసార్లు తీసుంటుంది. అమ్మతో మాట్లాడుతూ, నెమ్మదిగా.

ఇవాళ్టి థాంక్స్ చెల్లికే. ఎప్పుడు చెప్పాలో, అసలు వింటుందో లేదో తెలియదు.

జూన్ 30

చీర మూడుసార్లు మార్చాను. వెళ్లేది రేపు.

జూలై 1

క్లినిక్‌లో చెల్లిని కిటికీ దగ్గర, వెలుతురు పడేచోట కూర్చోబెట్టాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రంగు చూడాలి, చెయ్యి తియ్యవే అన్నాను. తియ్యలేదు. ముందు నన్ను చూడక్కా అంది.

చూశాను. కనుబొమ మీద మచ్చ ఉంది. ఇదెప్పటిదే అని అడిగాను.

చెప్పడం మొదలుపెట్టింది.