లేవని టెంకాయ

నంద్యాల, జనవరి 11
బ్యాగు సర్దడం అయింది. నా చీరల మధ్య టెంకాయ! తీసి పక్కన పెట్టాను. ఆయన మళ్ళీ పెట్టేశాడు. పీచు ఒలిచి, పిలక మాత్రం వదిలిన టెంకాయ.
ఇరవై ఏళ్ళుగా ఇలాంటిదాన్నే అరచేతిలో పడుకోబెట్టుకుని ఊళ్ళవాళ్ళ చేలల్లో నడిచాడు. కింద నీళ్ళుంటే అది లేచి నిలబడుతుంది. అక్కడ బోరు వేస్తారు. పోయిన నెల ఆళ్ళగడ్డలో ఆయన చూపిన మూడు చోట్లా దుమ్మే. "నీ చేయి పోయిందిలే అన్నా..." ఆ రైతు మెల్లగానే అన్నాడు. అప్పట్నుంచి తిండి లేదు, మాట లేదు.
మొన్న ఎండిన బావి గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే ఆయన అన్న లాక్కొచ్చాడు. "ఒంటరిగా వదలొద్దమ్మా."
అందుకే ఈ ప్రయాణం. చెల్లెలు మణి అండమాన్‌లో ఏదో చిన్న దీవిలో ఉంది, మొగుడికి అక్కడ ఉద్యోగం. "చుట్టూ నీళ్ళే కదక్కా, బావ మనసు తేలికవుతాది."
చుట్టూ నీళ్ళే. నా భయమూ అదే.

దీవి, జనవరి 16
ఓడలో మూడు రోజులు. ఆయన కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని.

జనవరి 17
పొద్దున మణి ఇంటి వెనక ఒడ్డు. నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళు తేలాయి. "ఎవరు మూసినారే నీళ్ళు?" అన్నాడు. శ్రీశైలంలో గేట్లు మూస్తే మా కాలవ ఎండినట్టు అనుకున్నాడు పాపం.
మణి నవ్వింది. "ఎవరూ మూయలే బావా. రోజుకు రెండు మార్లు పోతాది, వస్తాది. వచ్చేటప్పుడు మాత్రం ఆ రాళ్ళ అవతల ఉండొద్దు. దారి మునిగిపోతాది."
నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో.

జనవరి 18
రెండు ఒడ్లు తిరిగాం. బియ్యప్పిండి లాంటి ఇసక, ఆకుపచ్చ నీళ్ళు. అందరూ సముద్రం చూస్తారు, నేను ఆయన కాళ్ళు చూస్తున్నాను. మడమల దాకా... మోకాళ్ళ దాకా... "చాల్లెండి, రాండి."
చేతిలో టెంకాయ. మణి మొగుడు ఆటపట్టించాడు. సముద్రంలో నిలబడి నీళ్ళు వెతుకుతాండావా అన్నా, అని. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం నెమ్మదిగా, "ఉప్పునీళ్ళు ఎవరిక్కావాలప్పా. తాగే నీళ్ళు యాడుండాయో చూస్తాండా."

జనవరి 19
రెండు ఒడ్లలోనూ టెంకాయ లేవలేదు.
బావి తప్పించి సముద్రానికి తెచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జనవరి 20
అన్నం అడిగి పెట్టించుకున్నాడు! "రాళ్ళ అవతల మూడో ఒడ్డుంది. ఆడ చూడాల. ఒక్కసారి లేస్తే చాలు... దీన్ని సముద్రానికిచ్చేసి ఊరికి పోదాం."
ఊరికి పోదాం అన్నాడు. లేవకపోతే?

జనవరి 21
లేచేసరికి పక్క ఖాళీ. నీళ్ళు దిగినప్పుడు రాళ్ళ అవతలికి పోయాడట. మణికి చెప్పే పోయాడు. నన్ను లేపొద్దన్నాడట.
ఇప్పుడు నీళ్ళు ఎక్కుతున్నాయి. మణి మొగుడు, పడవాయన బయల్దేరారు.

అదే రోజు, మధ్యాహ్నం
రాళ్ళు మునిగాయి. ఈ దీవిలో టెంకాయలకేం కొదవ, అలల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పీచుతో దొర్లుతూనే ఉంటుంది. ఇప్పుడొచ్చిందానికి పీచు లేదు. పిలక ఉంది.
మణి ఏడుస్తోంది. "ఏడవొద్దే. లేచిందేమో. లేస్తే ఇచ్చేస్తానన్నాడు కదా." నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. చేయి ఆడకపోతే పిచ్చెక్కేట్టుంది.
పడవ వస్తోంది. పోయింది ఇద్దరు. ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది, లోపల ఎందరున్నారో కనపడటం లేదు...