తుడిచిన గరిటె

ఆహార తనిఖీ అధికారి గారికి నమస్కారాలు.

అయ్యా, ముందు ఆ చాక్లెట్ డబ్బా పాపకు అందకుండా తీసేయండి. మిగతాది తర్వాత చదవండి.

పొద్దున మీరు మా వంటగది చూసి, లైసెన్సు మీద సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ ఆ డబ్బా కొన్నారు. "మా పాపకు వేరుశనగ పడదమ్మా, ఊపిరాడదు" అన్నారు. "ఇందులో లేదండీ, లేబుల్ చూసుకోండి" అన్నాను. లేబుల్ మీద రాసింది నిజమేనండీ. గరిటె సంగతే అబద్ధం చెప్పాను. ప్రతి వాయికీ కడుగుతారా అని మీరడిగితే, తడుముకోకుండా కడుగుతామన్నాను. కరిగిన చాక్లెట్‌కు నీటిచుక్క తగిలితే గడ్డకట్టి పాడవుతుందని మా అత్తయ్య గరిటెను గుడ్డతో తుడుస్తారే కానీ కడగరు. మీ డబ్బాకు ముందు వాయి వేరుశనగదేనని ఆవిడ ఇప్పుడే భోజనాల దగ్గర మాటల్లో అన్నారు.

ఫోను మోగుతోంది కానీ మీరు ఎత్తడం లేదు. అందుకే మా ఆయనను స్కూటర్ మీద పంపుతున్నాను. నోటిమాటగా చెప్పమంటే లైసెన్సు పోతుందని సగం మింగేస్తారు, అందుకే రాశాను. ఆ లైసెన్సు కూడా ఈ కవరులోనే ఉంది, చించేయండి. పాప బాగుందన్న ఒక్క మాట ఆయనతో చెప్పి పంపండి. స్కూటర్ చప్పుడు వినబడేదాకా నేను గుమ్మంలోంచి కదలను.