పన్నెండు సెకన్ల జవాబు

నంద్యాల,
ఏప్రిల్ 12

ప్రియమైన నాయనకు, అమ్మకు,

మీ ఫెబా వందనాలు. ఫోన్ చేయొద్దని చెప్పి వచ్చినందుకు అమ్మ అలిగి కూర్చుందని తెలిసింది. ఏం చేయను నాయనా? ఫోన్లో అమ్మ గొంతు వింటే ఆ రోజంతా చదువు సాగదు. అందుకే ఉత్తరాలు రాసుకుందామన్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లేఖలు రాయడం నేర్పిన మాస్టరు కూతురిని, ఈమాత్రం రాయలేనా?

పరాయి దేశంలో ఆరేళ్లు వైద్యం చదివి వచ్చినా, ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కితే తప్ప నా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడానికి లేదు. మూడు వందల ప్రశ్నలకు నూట యాభై రావాలి. మూడుసార్లు రాశాను. 128, 139, 143. ఈసారి జూలై 26న. అదీ పోతే మళ్లీ కూర్చునే ఓపిక నాకు లేదు, నిజం చెప్తున్నాను.

రోజుకొక మాక్ టెస్ట్ ఆన్‌లైన్‌లో రాస్తున్నాను. నిన్న మొదటిసారి 187 వచ్చింది. స్క్రీనంతా పచ్చగా మారి, ‘అభినందనలు డాక్టర్ ఫెబా, మీరు పాసయ్యారు’ అని పడింది. అది ఉత్త సాధన పరీక్షే, ఆ కంప్యూటర్‌కు అందరూ డాక్టర్లే. అయినా ఏడుపొచ్చింది. ఫోటో తీసి అమ్మ ఫోన్‌కు పంపి, ఒక్క మాటైనా రాయకుండా ఫోన్ కట్టేశాను.

అమ్మ షుగర్ మాత్రలు మానకుండా చూడు.

మీ బిడ్డ,
ఫెబా

*

ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 21

చిరంజీవి ఫెబాకు,

నాయన రాజరత్నం దీవెనలు. నీ ఉత్తరం ఈ రోజు, అంటే సోమవారం పొద్దున చేరింది. తొమ్మిది రోజులు పట్టింది. ఒక్క రోజు ముందు వచ్చినా బాగుండేది తల్లీ.

నువ్వు పంపిన పచ్చ ఫోటో పట్టుకుని మీ అమ్మ పరుగెత్తుకొచ్చి, “ఏందయ్యా ఇది, చదువు” అంది. అభినందనలు, డాక్టర్, పాస్. నా కళ్లకు ఆ మూడు మాటలే కనపడ్డాయి. పరీక్ష జూలైలో అని తెలిసినవాణ్ణే. ఏదో ముందుగా పెట్టేశారేమో అనుకున్నాను. ఆశ పుట్టినవాడికి నెలల లెక్క గుర్తుంటుందా?

మొన్న శుభ శుక్రవారం గుడిలో పన్నెండు నుంచి మూడింటిదాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. బయటికొచ్చేసరికి అమ్మ చెప్పులు లేవు. ఎవరో పొరపాటున తొడుక్కుపోయారు. తారు రోడ్డు మెత్తబడి మెరుస్తోంది. ఆటో ఎక్కమంటే, “సిలువ మోసినాయన ఏ ఆటో ఎక్కినాడు?” అని నన్నే అడిగింది. ఇంటిదాకా ఒట్టికాళ్లతో నడిచింది. నా చెప్పులు ఇస్తానన్నా వద్దంది. ఇంటికొచ్చి, “చూస్తివా, అరికాలు ఇంతన్నా కాల్లేదు” అని మురిసిపోయింది.

నిన్న ఈస్టరు ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు తనకు రెండు మేళ్లు చేశాడట. బిడ్డ డాక్టరు పరీక్ష పాసయింది, మండే రోడ్డు మీద తన పాదం కాలలేదు. సంఘమంతా హల్లెలూయా అన్నారు. నేనూ అన్నాను. శిల్పాలు చెక్కే మన జయప్రకాష్ లేడూ, నా దగ్గర మూడో తరగతి చదివినవాడు, మన గేటుకు నల్లరాతి మీద నీ పేరు చెక్కుతానని అప్పుడే రాయి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు నీ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏం చేయాలో నువ్వే చెప్పు.

మీ నాయన

*

నంద్యాల,
ఏప్రిల్ 29

ప్రియమైన నాయనకు,

ఎంత పని చేశారు! అమ్మంటే ఇంగ్లీషు రాదు, నీకేమైంది నాయనా? మాక్ టెస్ట్ అంటే ఉత్తుత్తి పరీక్ష. ఆటల్లో పిల్లలు రాజు, మంత్రి అనుకుంటారు చూడు, అట్లాంటిది. వచ్చే ఆదివారమే లేచి, పొరపాటైందని అమ్మను చెప్పమను. జయప్రకాషన్నను ఉలి పక్కన పెట్టమను.

మునుపు ఫెయిలైతే నేనొక్కదాన్నే ఫెయిలయ్యేదాన్ని. ఇప్పుడు నేను తప్పితే అమ్మ దేవుడి ముందు అబద్ధం ఆడినదవుతుంది. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ఆ సాక్ష్యం తప్ప ఇంకేమీ కనపడడం లేదు. వరసగా మూడు టెస్టులు రాశాను. 151, 144, 138. తెలిసిన ప్రశ్నకే పక్క జవాబు నొక్కుతున్నాను.

తప్పు నాదే. ఆ ఫోటో పంపకపోతే సరిపోయేది. నా ఖర్మ.

మీ
ఫెబా

*

ఆళ్లగడ్డ,
మే 20

చిరంజీవి ఫెబాకు,

నీ ఉత్తరం మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి మొండికేసింది. “దేవుని ముందర చెప్పిన మాట ఎనక్కి తీసుకుంటారా? జూలైలో పాసయితాదిలే, అప్పుడు అదే నిజమైతాది. ముందూ ఎనకా చూసేదానికి దేవునికేమన్నా క్యాలెండరుందా?” అంటోంది. ఆ మనిషితో వాదించి గెలిచినవాణ్ణి కాను, నీకు తెలుసు.

జనం ఆగడం లేదు. మీ కృపమ్మ పెద్దమ్మ తన మోకాలి ఎక్స్‌రే తెచ్చి మన బీరువా మీద పెట్టి పోయింది, నువ్వు వచ్చి చూడాలట. జయప్రకాష్‌కు మాత్రం నిజం చెప్పాను. నీ పేరు చెక్కి, దాని ముందు చోటు ఖాళీగా వదిలాడు. “అయివారూ, డాక్టర్ అనే మాట జూలైలో చెక్కుతాలే” అన్నాడు. రాయిని లోపల గోడవారకు తిప్పి పెట్టాను.

ఇంకొక మాట. మీ అమ్మ మడమకు పొక్కు లేచి చితికింది. పసుపు, కొబ్బరినూనె రాస్తోంది. నొప్పి లేదంటుంది కాబట్టి భయపడకు. ఆసుపత్రికి పోదామంటే ఒప్పుకోదు. “డాక్టరు తల్లి చీటీ రాయించుకోని లైన్లో నిలబడితే ఊరేమనుకుంటాది? ఈడ ఎవురికీ చూపించను. నా బిడ్డ వచ్చి చూస్తాది. దానికి మొదటి రోగిని నేనే” అంటోంది. ఈ సంగతి నీకు రాయొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకోబోయింది. చిన్న పొక్కేలే. నువ్వు చదువు పాడుచేసుకోకు.

మీ నాయన

*

నంద్యాల,
జూన్ 24

ప్రియమైన నాయనకు,

నెల దాటినా జవాబు రాయలేదు, క్షమించు. రాయడానికి మంచి మాట ఒక్కటీ లేక ఊరుకున్నాను. అమ్మ పొక్కు ఈపాటికి మానే ఉంటుంది, నొప్పి లేదన్నావుగా.

నూట నలభై దగ్గరే ఇరుక్కుపోయాను నాయనా. ఎంత తోసినా పైకి పోదు. రాత్రి చదివింది పొద్దునకు ఉండదు. నా గదిలో లావణ్య అని ఫార్మసీ చదివే పిల్ల ఉంది. “అక్కా, నిద్రలో కూడా ఏ, బీ, సీ, డీ అంటాండావ్” అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. అద్దంలో నా మొహం చూసుకోవాలన్నా సిగ్గేస్తోంది. ఇరవై తొమ్మిదేళ్లకు నేనేమిటి? డాక్టరును కాను, ఇంకేదీ కాను.

ఈ చీకట్లో ఒక్క సంతోషం చెప్తాను. నిన్నటి టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది. ‘యాభై ఎనిమిదేళ్ల స్త్రీ. పదేళ్లుగా షుగర్. ఎండలో చెప్పుల్లేకుండా నడిచింది, కాలినట్టు తెలియలేదు. మడమ మీద రెండు నెలలుగా పుండు. అంచులు నల్లబడ్డాయి, వాసన, సన్నటి జ్వరం. నొప్పి లేదు. ఏం చేయాలి?’ ఏ: ఇంట్లోనే కట్టు కట్టాలి. బీ: మాత్రలిచ్చి రెండు వారాలకు రమ్మనాలి. సీ: నొప్పి లేదు కాబట్టి ఆగి చూడాలి. డీ: ఆ రోజే ఆసుపత్రిలో చేర్చి, చెడిన భాగం తీసేయాలి.

నేను డీ నొక్కాను. పన్నెండు సెకన్లు పట్టిందని స్క్రీన్ మీద చూపించింది. షుగర్ ముదిరితే పాదంలో స్పర్శ చచ్చిపోతుంది నాయనా. అందుకే నొప్పి తెలియదు. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం. ఆ ప్రశ్న రాసినవాళ్లలో మూడొంతులమంది తప్పు పెట్టారట, నాకు రైటొచ్చింది. నీకు చెప్పుకోవాలనిపించింది.

మీ
ఫెబా

*

ఆళ్లగడ్డ,
జూలై 5

చిరంజీవి ఫెబాకు,

నీ ఉత్తరం శనివారం అందింది. చాలా బాగా రాశావు. ప్రశ్న అర్థమయ్యేటట్టు రాశావు.

ఇక్కడ అంతా క్షేమం. అమ్మ పడుకుని ఉంది. వేళకు తిను, వేళకు పడుకో. ఇరవై ఆరో తేదీ దాకా ఇంటి ఆలోచన పెట్టుకోకు. ఉత్తరం కూడా రాయకు.

మీ నాయన

*

నంద్యాల,
జూలై 26

ప్రియమైన నాయనకు,

పరీక్ష రాసి కర్నూలు నుంచి ఇప్పుడే వచ్చాను. స్నానం కూడా చేయలేదు. ముందు నీకు రాయాలి.

రాదు నాయనా. ఈసారీ రాదు. బస్సులో కూర్చుని ఒక్కొక్క ప్రశ్నా గుర్తు చేసుకుని లెక్కేసుకున్నాను. ఎంత ఉదారంగా వేసుకున్నా నూట నలభై దాటలేదు. ఫలితం వచ్చేదాకా మీరు ఆశపడుతూ కూర్చోకూడదని ముందే చెప్తున్నాను. అమ్మ సాక్ష్యం అబద్ధమైపోయింది. ఆదివారం గుడిలో అమ్మ ఎట్లా తలెత్తుకుంటుంది? కృపమ్మ పెద్దమ్మకు ఎక్స్‌రే ఇచ్చేయండి. ఆ రాయిని పగలగొట్టమని జయప్రకాషన్నకు చెప్పండి.

ఆ మడమ ప్రశ్న ఈ రోజూ వచ్చింది. ఈసారీ డీ పెట్టాను. ఎవరికి మేలు? కాగితం మీది రోగిని కాపాడి ఏం చేసుకోను? ఒక్క మనిషికి ఒక్క రోజైనా డాక్టరును కాలేకపోయాను.

నేను ఇంటికి రాను నాయనా. ఏ మొహం పెట్టుకుని రావాలి?

నీ మొన్నటి ఉత్తరం మీద స్టాంపు లేదు. గేటు సందులోంచి ఎవరో వేసి పోయారని వాచ్‌మన్ అన్నాడు. ఎవరితో పంపావు?

మీ
ఫెబా

*

నంద్యాల,
జూలై 30

నా తల్లి ఫెబాకు,

పైన ఊరిపేరు సరిగ్గానే రాశాను. నిన్న జయప్రకాష్ నీ ఉత్తరం ఆళ్లగడ్డ నుంచి పట్టుకొచ్చి ఇచ్చాడు. మొన్నటి ఉత్తరం ఎవరితోనూ పంపలేదు. నేనే నడిచి వచ్చి మీ గేటులో వేసి పోయాను. మేము నంద్యాల వచ్చి నెలయింది.

నీ జూన్ ఉత్తరం మీ అమ్మకు చదువుతూ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. “చదవవేందయ్యా?” అంది. ఏమని చదవను? లేచి కట్టు విప్పాను. నువ్వు రాసినట్టే ఉంది. నలుపు ఉంది, వాసన ఉంది. నుదురు తాకితే కాలుతోంది. వయసొక్కటే తేడా, మీ అమ్మకు యాభై ఆరు. ఈసారి ఆమె మాట వినలేదు. డాక్టరు తల్లిని ఆటోలో పడేసి, ఇక్కడి పెద్దాసుపత్రికి తెచ్చి లైన్లో నిలబెట్టాను.

జూలై 3న మోకాలి కింద తీసేశారు తల్లీ, కుడికాలు.

రాయలేక రాస్తున్నాను. అబద్ధం చెప్పానని నన్ను తిట్టు. మీ అమ్మే చెప్పొద్దంది. “పరీక్ష కాలేదు, బిడ్డకు చెప్తే నా మీద ఒట్టే” అని తెలివి రాగానే అన్న మొదటి మాట అదే. రోజూ సాయంత్రం మీ హాస్టల్ దాకా నడిచి వచ్చేవాణ్ణి. పదకొండు నిమిషాలు. నీ కిటికీకి తువాలు ఆరేసి ఉంటే చూసి వెనక్కి పోయేవాణ్ణి.

ఆపరేషన్ చేసిన డాక్టరు అడిగాడు, “ఇప్పుడన్నా తీసుకురమ్మని ఎవరు చెప్పినారు పెద్దాయనా? ఇంకో రెండు రోజులుంటే మనిషే దక్కేది కాదు.” మా అమ్మాయి ఉత్తరం రాసిందని చెప్పాను. ఒక్క మనిషికి కూడా డాక్టరును కాలేదని రాశావు. అది నిజం కాదు.

అట్లాగని నేను నిన్ను పొగడడం లేదు, నన్ను నేను క్షమించుకోవడమూ లేదు. పాదం కాలలేదని ఏప్రిల్‌లోనే నీకు రాశాను, దేవుని కృప అనుకుని. పొక్కు అని మేలో రాశాను, నొప్పి లేదు కాబట్టి మంచిదే అనుకుని. నేను రాసినా నాకు తెలియలేదు. నువ్వు చదివినా నీకు తట్టలేదు. ఇది మనిద్దరం చచ్చేదాకా మోయాల్సిందే.

మొన్న ఆదివారం మన సంఘం వాళ్లు వార్డుకు వచ్చి ప్రార్థన చేశారు. మీ అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. “నేను చెప్పిన సాక్ష్యం తప్పు. దిద్దుకుంటాండా. నా బిడ్డ ఇంకా పాస్ కాలేదు. నా కాలు కాలింది, నాకే తెలీలేదు. రెండూ నా పొగరే” అంది. ఎవరూ హల్లెలూయా అనలేదు. ఆ రోజు గుడి దగ్గర చెప్పులు మార్చుకుపోయింది తానేనని, వాళ్లతో వచ్చిన మణెమ్మ ఏడుస్తూ ఆ జత తెచ్చి ఇచ్చింది. మీ అమ్మ చూసి, “రెండెందుకే, ఒకటి చాలు” అంది. మణెమ్మ ఇంకా ఏడ్చింది.

నీ నూట నలభై సంగతి ఆమెకు నిన్ననే చదివి వినిపించాను. సాక్ష్యం గురించి నువ్వు భయపడేదేమీ మిగల్లేదు. దాన్ని ఆమే తీసేసింది. ఇప్పుడు ఒక్కటే అడుగుతోంది, రోజూ కట్టు మార్చేటప్పుడు నువ్వు పక్కన ఉండాలట. వేరేవాళ్లు విప్పితే చూడడం తనవల్ల కాదట.

ఈ ఉత్తరానికీ స్టాంపు లేదు. వాచ్‌మన్ చేతికిచ్చాను. మీ గేటు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నాను. ఏ మొహం ఉంటే ఆ మొహంతోనే రా.

మీ నాయన